ప్లేటులో జోన్ వచ్చింది, కొత్త యాంటీబయాటిక్ దొరికినట్టేనా?

మట్టి నుంచి తీసిన స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా ఎక్స్‌ట్రాక్ట్‌లో తడిపిన చిన్న కాగితపు డిస్క్ పెడితే చుట్టూ స్టఫిలోకాకస్ (జబ్బులు తెచ్చే బ్యాక్టీరియా) పెరగని ఖాళీ వలయం, అంటే జోన్, వచ్చిందని, అది కొత్త మందేనా అని అడిగారు. కొన్నేళ్లు స్ట్రెప్టోమైసిస్‌తోనే పనిచేశాను. జోన్ రావడం మంచిదే, పేటెంట్ ఆలోచన మాత్రం ఇప్పుడే వద్దు.

ముందు కంట్రోల్స్, అంటే పోల్చి చూసే పరీక్షల సంగతి చూడండి. బ్యాక్టీరియా వేయని ఖాళీ మీడియాను (దాన్ని పెంచే పోషక ద్రవాన్ని) కూడా అదే మెథనాల్‌తో తీసి డిస్క్ పెట్టారా? మెథనాల్ సరిగ్గా ఆరకపోయినా, ద్రవం బాగా ఆమ్లంగా మారినా జోన్ కనిపిస్తుంది.

అది దాటాక అసలు తలనొప్పి మొదలవుతుంది: దొరికిందే మళ్లీ దొరకడం. స్ట్రెప్టోథ్రిసిన్ అనే పాత యాంటీబయాటిక్‌ను మట్టిలో ఎన్నో రకాల స్ట్రెప్టోమైసిస్‌లు తయారుచేస్తాయి. 1943లో బయటపడ్డ స్ట్రెప్టోమైసిన్ కూడా మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. శుద్ధి చేయడానికి నెలలు పోసే ముందే ముడి ఎక్స్‌ట్రాక్ట్‌కు ఎల్‌సీ-ఎంఎస్ (పదార్థాలను విడదీసి వాటి అణుభారం కొలిచే పరీక్ష) చేయించి, అణుభారాలను డేటాబేస్‌తో పోల్చుకోండి.

పాతదని తేలినా పారేయొద్దు. పదార్థం దేనికి పనికొస్తుందన్నది మనం దేనిమీద పరీక్షించామన్నదాన్ని బట్టే తెలుస్తుంది. ఈస్టర్ ద్వీపం మట్టిలోని బ్యాక్టీరియా ఇచ్చిన రాపమైసిన్‌ను మొదట ఫంగస్‌ను చంపేదిగానే గుర్తించారు. అది రోగనిరోధక శక్తిని అణచివేస్తుందని తర్వాత తెలిసింది. 1999లో కిడ్నీ మార్పిడి రోగులకు మందుగా అమెరికాలో అనుమతి వచ్చింది. స్ట్రెప్టోమైసిస్‌లే ఇచ్చిన ఆక్టినోమైసిన్ డి కథ ఇంకో రకం. యాంటీబయాటిక్‌గా వాడలేనంత విషం, కానీ పిల్లల్లో వచ్చే కిడ్నీ క్యాన్సర్‌కు ఇప్పటికీ వాడుతున్నారు. కాబట్టి క్యాండిడా అనే ఫంగస్ మీద, ఎర్ర రక్తకణాల మీద కూడా చూడండి. రక్తకణాలు పగిలిపోతుంటే మీ జోన్‌కి పెద్ద విలువ లేదు, అది కనిపించిన ప్రతి కణాన్నీ చంపుతోందన్నమాట.

మీడియా మార్చి చూడటం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ ఒక మీడియాలో బూడిదరంగు పొడి అద్దినట్టు మామూలుగా కూర్చుంటుంది. ఇంకో మీడియాలో కాలనీ మీద నీలం చుక్కలు ఊరుతాయి, అది ఆక్టినోరోడిన్ అనే యాంటీబయాటిక్. 2002లో దీని జీనోమ్ చదివితే, ఇలాంటి పదార్థాలు తయారుచేసే జన్యు సమూహాలు ఇరవైకి పైగా బయటపడ్డాయి. ల్యాబ్‌లో వాటిలో చాలావరకు మూగగానే ఉంటాయి. పిండిపదార్థం, ఫాస్ఫేట్ మోతాదులు మార్చండి. పక్కన ఇంకో బ్యాక్టీరియాను పెంచి చూడండి.

ఇంకొకటి, ఈరోజే చేయండి: స్పోర్లను (ఈ బ్యాక్టీరియా విత్తనాల్లాంటి కణాలను) గ్లిజరాల్‌లో వేసి డీప్ ఫ్రీజర్‌లో దాచండి. ప్లేటు నుంచి ప్లేటుకు మారుస్తూపోతే ఈ బ్యాక్టీరియా క్రోమోజోమ్ చివరలు పోగొట్టుకుని, పదార్థం తయారుచేయడమే మానేయొచ్చు.