అలల లెక్కలు, పేపర్ల పరుగు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

విశాఖపట్నంలో చాలాకాలం నౌకా నిర్మాణ శాస్త్రం బోధించి రిటైరైన ప్రొఫెసర్ ఈ నెల పాఠకులకు జవాబులిస్తున్నారు.

ప్రశ్న: నేను పిహెచ్‌డి రెండో సంవత్సరంలో ఉన్నాను. ఆఫ్‌షోర్ ఇంజినీరింగ్‌లో, అంటే సముద్రంలో కట్టే నిర్మాణాల రంగంలో, ఏ జర్నల్ తెరిచినా మెషిన్ లెర్నింగ్, తేలే విండ్ టర్బైన్లు, ఇవే కనిపిస్తున్నాయి. మెషిన్ లెర్నింగ్‌తో అల ఎత్తును ముందుగా చెప్పే పని మొదలుపెట్టాను. ఇప్పటికే ఇలాంటివి బోలెడు వచ్చేశాయి. నా పేపర్ ఎవరైనా తీసుకుంటారా అని టెన్షన్‌గా ఉంది.
– పరిశోధక విద్యార్థిని, కాకినాడ

జవాబు: అమ్మా, నువ్వు గమనించింది నిజమే. మా రంగంలో పేపర్లు ఎప్పుడూ డబ్బు ఎటు వెళ్తే అటు, ప్రమాదం ఎక్కడ జరిగితే అటు వెళ్లాయి. 1980లో నార్త్ సీలో అలెగ్జాండర్ కీలాండ్ అనే రిగ్ బోల్తా పడి 123 మంది చనిపోయారు. ఒక వెల్డు దగ్గర మొదలైన పగులు పెరిగి పెరిగి చివరికి రిగ్ కాలే ఊడిపోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అందరూ లోహపు అలసట మీదే, అంటే పదే పదే బలం పడి లోహం పగలడం మీదే రాశారు. 2014లో చమురు ధర పడిపోయాక చూపు గాలి వైపు మళ్లింది. 2017లో స్కాట్లాండ్ తీరంలో హైవిండ్ అనే తేలే గాలిమరల క్షేత్రం మొదలైంది. అయిదు టర్బైన్లు, 30 మెగావాట్లు.

విండ్ టర్బైన్ల మీద ఇన్ని పేపర్లు రావడానికి ఇంకో కారణం ఉంది. అమెరికాలోని పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల ఎన్‌ఆర్‌ఈఎల్ 2009లోనే 5 మెగావాట్ల నమూనా టర్బైన్ వివరాలన్నీ బయటపెట్టింది. 2020లో 15 మెగావాట్లది కూడా వచ్చింది. లెక్కలు చేసే ఓపెన్‌ఫాస్ట్ ప్రోగ్రాం ఉచితం. పేద కాలేజీ పిల్లలకు ఇది పెద్ద వరం. కానీ ఒక ప్రోగ్రాం ఇచ్చిన జవాబును ఇంకో ప్రోగ్రాం జవాబుతో పోల్చి 'సరిపోయింది' అని ముగించే పేపర్లు నా దగ్గరకు రివ్యూకి వచ్చినప్పుడు బాధేస్తుంది. సముద్రంలో కొలిచిన అంకె ఒక్కటీ ఉండదు.

ఇక నీ పని. గంట తర్వాత అల ఎత్తు ఎంతో చెప్పే మోడల్‌కి కోరిలేషన్ (కొలతతో పొంతన; 1 అయితే పూర్తి పొంతన) 0.97 వచ్చిందని రాస్తారు. ఏ మోడలూ లేకుండా, 'ఇప్పుడెంత ఉందో గంట తర్వాతా అంతే' అని చెప్పి చూడు. మామూలు రోజుల్లో దానికీ 0.9 దాటుతుంది. కాబట్టి మొదటి పట్టికలోనే ఆ పోలిక పెట్టు. ఆరు గంటలు, పన్నెండు గంటలు, ఇరవై నాలుగు గంటల ముందు సంగతి చెప్పగలిగితేనే నీ మోడల్‌కి విలువ. ఇంకోటి: రికార్డులన్నీ కలగలిపి ట్రైనింగ్‌కీ పరీక్షకీ పంచకు. పది గంటల రికార్డు ట్రైనింగ్‌లో, పదిన్నరది పరీక్షలో పడితే మోడల్‌కి జవాబు ముందే చెప్పేసినట్టే. సంవత్సరాల వారీగా విడదీయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్ని విడిగా తీసి, అప్పుడు నీ మోడల్ ఎంత తప్పిందో దాచకుండా చూపించు. నేనైతే రివ్యూలో ముందు ఆ బొమ్మ కోసమే వెతుకుతాను.

అసలు నీకున్న అవకాశం నీ వాకిట్లోనే ఉంది. జాన్‌స్వాప్ స్పెక్ట్రమ్ గురించి చదివే ఉంటావు. స్పెక్ట్రమ్ అంటే ఏ పీరియడ్ అలలో ఎంత శక్తి ఉందో చూపే గీత; పీరియడ్ అంటే ఒక అల తర్వాత ఇంకోటి రావడానికి పట్టే సమయం. 1973లో ప్రచురించారు. జర్మనీకి చెందిన సిల్ట్ దీవి నుంచి నార్త్ సీలోకి వరసగా పరికరాలు పెట్టి కొలిచి తేల్చిన సంగతి అది. ఆ గీత శిఖరం ఎంత పదునుగా ఉందో చెప్పే అంకె గామా. అక్కడి సగటు గామా 3.3. ఆ 3.3ని మన వాళ్లు బంగాళాఖాతానికి కూడా కళ్లు మూసుకుని వాడేస్తున్నారు. మన తీరానికి రెండు రకాల అలలు కలిసి వస్తాయి. ఒకటి ఇక్కడి గాలి లేపే చిన్న పీరియడ్ అల, రెండోది దక్షిణ మహాసముద్రం నుంచి వేల కిలోమీటర్లు నడిచి వచ్చే పొడవాటి ఉబ్బు. అందుకే స్పెక్ట్రమ్ గీస్తే చాలా రోజులు రెండు శిఖరాలు కనిపిస్తాయి. రెండు శిఖరాలకు పనికొచ్చే రూపాన్ని ఓచి, హబుల్ 1976లోనే ఇచ్చారు. ఎత్తు ఒక్కటే చెబితే ఓడరేవులో కట్టిన ఓడకు ఉపయోగం తక్కువ. ఎత్తు తక్కువే ఉన్నా పొడవాటి అల వస్తే మోకులు తెగుతాయి. నీ మోడల్‌తో రెండు శిఖరాలనూ విడివిడిగా చెప్పించు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కు విశాఖ తీరంలో అలల్ని కొలిచే వేవ్ రైడర్ బోయ ఉంది. గైడ్ గారి సంతకంతో డేటా కోసం దరఖాస్తు పెట్టు.

సముద్రం అడుగున నిలబడే ఉక్కు చట్రం, అంటే జాకెట్ ప్లాట్‌ఫారం కాళ్ల మీద అల బలం లెక్కకట్టడానికి ఇప్పటికీ వాడే మోరిసన్ సమీకరణం 1950లో గనుల ఇంజినీర్ల సంస్థ వేసిన పెట్రోలియం సంచికలో అచ్చయింది. మోరిసన్, మరో ముగ్గురు మోడల్ గుంజల మీద బలాన్ని కొలిచి రాశారు. నిలిచింది ఆ కొలత, జర్నల్ పేరు కాదు. కాబట్టి ఏ జర్నల్ అని ఇప్పుడే బెంగ పెట్టుకోకు.

ప్రశ్న: మా అబ్బాయి ఎం.టెక్. చదువుతున్నాడు. 'పేపర్ పంపండి, వారంలో వేస్తాం, స్కోపస్‌లో ఉన్న జర్నల్, ఇరవై వేలు కట్టండి' అని ఈమెయిల్ వచ్చింది. పేపర్ లేకపోతే భవిష్యత్తు లేదంటున్నాడు. కట్టమంటారా?
– ఒక తండ్రి, భీమవరం

జవాబు: కట్టకండి. మా రంగంలో ఒక పేపర్‌ని సరిగ్గా చదవడానికే రివ్యూ చేసేవాళ్లకు వారాలు పడుతుంది. దిద్ది మళ్లీ పంపేసరికి నెలలు గడుస్తాయి. వారంలో వేస్తామన్నారంటే ఎవరూ చదవరన్నమాట.

అలాగని ఫీజు అడిగిన ప్రతివాళ్లూ మోసగాళ్లు కాదు. ఎవరైనా ఉచితంగా చదువుకునేలా వేసే జర్నళ్లు రచయిత దగ్గర డబ్బు తీసుకుంటాయి. పేరున్న వాటిలో అది రెండు లక్షలు దాటడం మామూలే. కానీ ఓషన్ ఇంజినీరింగ్, మెరైన్ స్ట్రక్చర్స్ లాంటి వాటిలో మామూలు పద్ధతిలో, అంటే చదివేవాళ్లు డబ్బు కట్టే పద్ధతిలో, వేస్తే రచయిత పైసా కట్టక్కర్లేదు. ఈ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. స్కోపస్ అంటే జర్నళ్లను ఎంచి జాబితా చేసే సూచిక. వాళ్ల సైట్‌లోనే జర్నళ్ల జాబితా ఉచితంగా చూడొచ్చు. జర్నల్ పేరు, దాని గుర్తింపు నంబరు ఐఎస్ఎస్ఎన్ సరిపోయాయా, ఏ సంవత్సరం వరకు జాబితాలో ఉంది, మధ్యలో తీసేశారా అన్నది అబ్బాయితో చూపించండి. అసలు జర్నల్ పేరు పెట్టుకుని నకిలీ సైట్లు నడిపేవాళ్లున్నారు. యూజీసీ ఆమోదించిన జర్నళ్ల జాబితా, కేర్ జాబితాలో ఉందని ఎవరైనా చెబితే, ఆ జాబితాను 2025 ఫిబ్రవరిలోనే ఆపేశారని గుర్తుపెట్టుకోండి. జాబితాలో ఉండటమూ పూర్తి భరోసా కాదు. హిందావీ అనే ప్రచురణ సంస్థ జర్నళ్లలో వచ్చిన 8,000కు పైగా పేపర్లను 2023లో ఒక్క ఏడాదిలో వెనక్కి తీసుకున్నారు.

పిహెచ్‌డి థీసిస్ ఇవ్వడానికి కూడా పేపర్ తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2022లో తొలగించింది. కొన్ని యూనివర్సిటీలు సొంతంగా అడుగుతాయి. ఎం.టెక్. పిల్లవాడికి ఒక మంచి ప్రాజెక్టు రిపోర్టు, ఒక సదస్సులో ప్రసంగం చాలు. ఆ ఇరవై వేలు సదస్సుకు వెళ్లిరావడానికి ఇవ్వండి.

ప్రశ్న: ఈ రంగంలో చైనా ముందుందంటారు. ఎందుకు?
– ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: అవును. షాంఘై జియావో టోంగ్, డాలియన్, హార్బిన్ యూనివర్సిటీల పేర్లు లేని సంచిక అరుదు. ప్రపంచంలో కట్టే ఓడల్లో సగం అక్కడివే, సముద్రంలో పెట్టిన గాలిమరల్లోనూ దాదాపు సగం అక్కడే ఉన్నాయి. పని ఎక్కడుంటే ప్రశ్నలూ అక్కడే పుడతాయి. మనకూ కొలిచే చోట్లున్నాయి: విశాఖలో నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో ఓడ నమూనాల్ని లాగి కొలిచే టోయింగ్ ట్యాంకు, ఐఐటీ మద్రాసులో అలల తొట్లు, చెన్నైలో సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ. కాలేజీ పిల్లలకు వాటిలో ఇంకా ఎక్కువ రోజులు దొరకాలన్నది నా గట్టి కోరిక.

ప్రశ్న: నేను కార్గో ఓడలో సెకండ్ ఇంజినీర్‌ని. యూనివర్సిటీతో సంబంధం లేదు. నా అనుభవం పేపర్ అవుతుందా?
– నర్సాపురం

జవాబు: తప్పకుండా అవుతుంది బాబూ. మాలాంటి వాళ్లకు దొరకని సరుకు మీ దగ్గర రోజూ తయారవుతోంది. రోజూ మధ్యాహ్నం రాసే నూన్ రిపోర్టులో వేగం, ఆర్‌పీఎం, ఇంధనం, గాలి, డ్రాఫ్ట్ (ఓడ నీళ్లలో మునిగిన లోతు) అన్నీ ఉంటాయి. ప్రొపెల్లర్ తిరిగిన లెక్క ప్రకారం ఓడ వెళ్లాల్సిన దూరానికీ, నిజంగా వెళ్లిన దూరానికీ తేడా, అంటే స్లిప్, డ్రైడాక్‌లో అడుగు శుభ్రం చేసి రంగు వేశాక నెలనెలా ఎలా పెరుగుతోందో గీసి చూడండి. గాలి బ్యూఫోర్ట్ కొలతలో నాలుగో ఫోర్స్ దాటని రోజులే తీసుకోండి. నిండు లోడు ప్రయాణాలు, సరుకు లేకుండా బ్యాలస్ట్ నీళ్లతో వెళ్లే ప్రయాణాలు కలపకండి. అడుగున నాచు, గుల్లలు పట్టడం వల్ల ఓడ ఎంత వెనకబడుతోందో ఆ గీతలో తెలుస్తుంది. మధ్యలో ప్రొపెల్లర్ పాలిష్ చేయించి ఉంటే ఆ తేదీ దగ్గర గీత కిందికి దిగాలి. దిగకపోతే అదీ రాయండి. 2023 నుంచి 5,000 గ్రాస్ టన్నేజీ దాటిన ఓడలకు కర్బన రేటింగు వచ్చింది కాబట్టి ఓడల యజమానులు కూడా శ్రద్ధగా చదువుతారు.

ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెరైన్ ఇంజినీర్స్ ఇండియా వాళ్ల పత్రిక ఎంఈఆర్ఐకి పంపండి. ఓడల మీద పనిచేసేవాళ్లు రాసినవి అక్కడ ఆదరంగా చూస్తారు. డేటా మీ కంపెనీది కనుక ముందు ఆఫీసు నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఓడ పేరు, ఐఎమ్ఓ నంబరు తీసేసి, ఓడ రకం, పొడవు, వయసు మాత్రం ఉంచండి.