స్లయిడ్లు బాగున్నాయంటారు, ఓకే మాత్రం చెప్పరు

ప్రశ్న: నమస్తే అండీ, నేను ఒక కంపెనీలో ఆపరేషన్స్ టీమ్‌లో చేస్తున్నా. స్టాక్ లెక్కలు చూసే పాత సాఫ్ట్‌వేర్ మార్చాలని మేనేజ్‌మెంట్‌కి ప్రెజెంటేషన్ ఇచ్చా, 40 స్లయిడ్లు, గ్రాఫులు అన్నీ పెట్టా. చాలా బాగుంది, చూద్దాం అన్నారు, అంతే, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. మాట్లాడేటప్పుడు నా గొంతు వణుకుతుంది, దాని వల్లేనంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: గొంతు వణికిందని ఎవరూ ప్రపోజల్ పక్కన పెట్టరండీ, ముందు ఆ దిగులు వదిలేయండి. మొదటి రెండు మాటలు బాగా నోటికి వచ్చేలా ప్రాక్టీస్ చేసుకుంటే చాలు, మిగతాది అదే సర్దుకుంటుంది. మీ ఉత్తరంలో నాకు కనపడనిది ఒకటే, అసలు వాళ్లని మీరు ఏం అడిగారు? ఎంత డబ్బు కావాలి, ఎప్పటికల్లా, ఎవరు అప్రూవ్ చెయ్యాలి? చెప్పినా ఏ 38వ స్లయిడ్‌లోనో చెప్పుంటారు, అప్పటికి సగం మంది ఫోన్లు చూసుకుంటుంటారు.

చదువుకునేటప్పుడు మనకి ముందు బ్యాక్‌గ్రౌండ్, తర్వాత డేటా, ఆఖర్న కన్‌క్లూజన్ అని అలవాటైపోయింది, ఆఫీసులో దాన్ని తిరగెయ్యాలి. మెకిన్సీ అనే కన్సల్టింగ్ కంపెనీలో పనిచేసిన బార్బరా మింటో పిరమిడ్ పద్ధతి అని చెప్పింది ఇదే, జవాబు పైన, కారణాలు దాని కింద.

అసలు సంగతి అడుగున పడిపోతే ఏమవుతుందో 2003లో కొలంబియా స్పేస్ షటిల్ విషయంలో చూశాం. పైకి లేచేటప్పుడు ఊడిన ఫోమ్ ముక్క రెక్కకి తగిలింది, షటిల్ ఇంకా పైన ఉండగానే దాని మీద ఇంజనీర్లు నాసా వాళ్లకి స్లయిడ్లు చూపించారు. ఆ ముక్క, ఇలాంటి దెబ్బకి ఏమవుతుందో చూడ్డానికి చేసిన పాత టెస్టుల్లో వాడినదాని కంటే దాదాపు 640 రెట్లు పెద్దది, అంటే ఆ టెస్టుల్ని నమ్ముకోడానికి లేదు, కానీ ఆ లైను స్లయిడ్ అడుగున ఉంది, హెడ్డింగ్ చూస్తేనేమో ఫర్లేదన్నట్టు ఉంది. షటిల్ తిరిగొస్తూ ముక్కలైపోయింది, ఏడుగురు చనిపోయారు. ప్రమాదానికి ఆ స్లయిడే కారణం అనట్లేదు నేను, కానీ విచారణ బోర్డు రిపోర్టులో దాని గురించి ప్రత్యేకంగా రాశారు. అందుకే హెడ్డింగ్‌లో "స్టాక్ విశ్లేషణ" అని పెట్టకండి, "పాత సాఫ్ట్‌వేర్ వల్ల నెలకి ఇన్ని రోజుల పని పోతోంది" అని మీ లెక్కతో సహా పెట్టండి.

స్లయిడ్లు తగ్గించండి, ఒకప్పుడు ఆపిల్‌లో మార్కెటింగ్ చూసిన గై కవాసాకి చెప్పే లెక్క 10 స్లయిడ్లు, 20 నిమిషాలు, 30 పాయింట్ అక్షరాలు. మిగతావి వెనక దాచుకోండి, అడిగితే చూపిద్దురుగాని.

నా దృష్టిలో వీటన్నిటికంటే పెద్ద పని మీటింగ్‌కి ముందే ఉంది. డబ్బు విషయం చూసే ఆయన్ని, కొత్త సాఫ్ట్‌వేర్ వాడాల్సిన వాళ్లని విడివిడిగా కలిసి వాళ్ల అనుమానాలేంటో అడగండి, ఖర్చు గురించా, మారేటప్పుడు పని ఆగిపోతుందనా. ఆ అనుమానాన్ని మీటింగ్‌లో వాళ్లు ఎత్తకముందే మీరే ఎత్తి జవాబు చెప్పండి, అప్పుడు మీ మాట మీద నమ్మకం వస్తుంది. ఏమీ మార్చకుండా ఇంకో ఏడాది ఇలాగే ఉంటే ఎంత నష్టమో కూడా చెప్పండి, చాలామంది కొత్తదాని ఖర్చు చెప్తారు గానీ ఇది వదిలేస్తారు.

ఈసారి కూడా చూద్దాం అంటే, ఏ తేదీకి చెప్తారు, ఎవరు చెప్తారు, ఇంకా ఏ వివరం కావాలి అని అక్కడే అడిగేసి, ఆ రోజే అందరికీ మెయిల్ పెట్టేయండి.