గ్లాస్ కలిపిన పాలీకార్బొనేట్‌కి ఎల్‌సీపీ తోడైతే బలం పెరుగుతుందా?

గోడ మందం 1 మిల్లీమీటరే ఉన్న పార్టులో 30 శాతం గ్లాస్ ఫైబర్ కలిపిన పాలీకార్బొనేట్ పూర్తిగా నిండట్లేదు, కాస్త ఎల్‌సీపీ, అంటే లిక్విడ్ క్రిస్టల్ పాలిమర్ కలిపితే నిండుతుందా, బలం కూడా వస్తుందా అని అడిగారు.

నిండుతుంది. 5 శాతం కలిపినా మెల్ట్, అంటే కరిగిన ప్లాస్టిక్, పల్చబడి ఇంజెక్షన్ ప్రెషర్ దిగుతుంది. స్క్రూలో గ్లాస్ ముక్కలైపోవడం కూడా తగ్గుతుంది. బలం సంగతి వేరు. చాలామంది పొరబడేది అక్కడే.

గ్లాస్ ఫైబర్‌ని సంచిలో కొనుక్కొస్తాం. ఎల్‌సీపీ ఫైబర్ సంచిలో రాదు, మీ మెషిన్‌లోనే పుట్టాలి. పాలీకార్బొనేట్ మెల్ట్‌లో ఎల్‌సీపీ ముందు బొట్లుబొట్లుగా ఉంటుంది. నాజిల్, గేటు లాంటి ఇరుకు దారుల్లో మెల్ట్ సాగినప్పుడు ఆ బొట్లూ దారాల్లా సాగుతాయి. మళ్లీ ముడుచుకునేలోపు గడ్డకట్టేస్తే అదే ఫైబర్. 1987లో కిస్ అనే పరిశోధకుడు ఇలాంటి మిశ్రమాలని ‘ఇన్ సిటు కాంపోజిట్లు’ అన్నాడు, ఉన్నచోటే పుట్టేవి అని. కాబట్టి ఎంత శాతం కలిపారన్నదానికంటే ఎంత సాగదీశారన్నదే నా దృష్టిలో అసలు లెక్క.

ముందు గ్రేడ్ ఎంపిక. బాగా పారుతుందని పల్చటి పాలీకార్బొనేట్ తీసుకుంటారు. అది తప్పు. బొట్టు సాగాలంటే చుట్టూ ఉన్న మెల్ట్ దానికంటే చిక్కగా ఉండి పట్టి లాగాలి. మెల్ట్ ఫ్లో తక్కువున్న, అంటే కరిగినా నెమ్మదిగా పారే గ్రేడే తీసుకోండి, పారుదల పని ఎల్‌సీపీ చూసుకుంటుంది.

ఆరబెట్టడంలో కక్కుర్తి వద్దు. పాలీకార్బొనేట్‌కి 120 డిగ్రీల్లో 4 గంటలు, ఎల్‌సీపీకి 150లో 4 నుంచి 6 గంటలు, విడివిడిగా. రెండూ ఒకే హాపర్ డ్రైయర్‌లో పోసి 150 పెట్టారంటే పాలీకార్బొనేట్ గింజలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి, ఎందుకంటే దాని గ్లాస్ ట్రాన్సిషన్, అంటే గట్టి ప్లాస్టిక్ మెత్తబడే ఉష్ణోగ్రత, ఆ దగ్గర్లోనే ఉంది. తడి మిగిలితే రెండింటి పాలిమర్ గొలుసులూ తెగుతాయి.

ఎల్‌సీపీ వెక్ట్రా ఏ950 రకమైతే 280 దగ్గర కరుగుతుంది. బ్యారెల్ వెనక 270, మధ్యలో 285, నాజిల్ దగ్గర 290 నుంచి 295తో మొదలుపెట్టండి. 280 దాటకపోతే ఎల్‌సీపీ గింజలు గింజలుగానే పార్టులో కనిపిస్తాయి. 300 దాటించి ఎక్కువసేపు నిలబెడితే పాలీకార్బొనేట్, ఎల్‌సీపీ తమ గొలుసుల్లోని ముక్కలు ఒకదానితో ఒకటి మార్చుకుంటాయి. రంగు పచ్చబడుతుంది, దారాలూ ఏర్పడవు. షాట్ సైజు బ్యారెల్ సామర్థ్యంలో సగానికి తగ్గకుండా చూసుకుంటే మెల్ట్ లోపల నిలవ ఉండదు.

హాపర్‌లో చేత్తో కలిపి పోయడం కంటే ట్విన్ స్క్రూలో, అంటే రెండు స్క్రూల ఎక్స్‌ట్రూడర్‌లో, కరిగించి కాంపౌండ్ చేయించుకోవడం మేలు. పాలీకార్బొనేట్, ఎల్‌సీపీ మెయిన్ ఫీడర్‌లో, గ్లాస్ సైడ్ ఫీడర్‌లో. 10 కిలోలకి గ్లాస్ 3 కిలోలు, ఎల్‌సీపీ అర కిలో నుంచి కిలో. గ్లాస్ లేకుండా ఎల్‌సీపీ ఒక్కదానితోనే బలం కావాలంటే 20 శాతం దాకా వెళ్లాలి, ఖర్చు భరించగలిగితేనే.

ఇప్పుడు గ్లాస్ లేకుండా 20 శాతం ఎల్‌సీపీతో 4 మిల్లీమీటర్ల కడ్డీ ఒకటి పోసి, విరిచి భూతద్దం కింద పెట్టండి. పైపొర నార నారగా చీలి ఉంటుంది, ఎండిన అరటి దవ్వని చీల్చినట్టు. గోరుతో పట్టి లాగితే పొడుగ్గా పొర లేస్తుంది కూడా. నడిమి భాగంలో ఆ నార ఉండదు, పిండి ముద్ద విరిచినట్టు మొద్దుగా కనిపిస్తుంది. కారణం ఏంటంటే, చల్లటి అచ్చుకి తగిలిన చోట సాగిన దారం సాగినట్టే గడ్డకట్టింది, లోపల వేడి తగ్గేలోపు మళ్లీ బొట్టైపోయింది. మీ 1 మిల్లీమీటరు గోడకి లాభం ఇదే, అందులో ఎక్కువ వాటా పైపొరే. అచ్చు 80 డిగ్రీల దగ్గరే ఉంచి వేగంగా ఇంజెక్ట్ చేయండి.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. అమ్మేవాళ్లు ఇచ్చే డేటా షీట్‌లో ఉండేది మెల్ట్ పారిన దిక్కులో కొలిచిన బలం. అడ్డంగా లాగితే ఎంత, వెల్డ్ లైన్ దగ్గర ఎంత అని అడిగితే జవాబు రాదు. పార్టు పగిలేది సరిగ్గా అక్కడే. వెల్డ్ లైన్ అంటే రెండు మెల్ట్‌లు ఎదురెదురుగా వచ్చి కలిసే గీత, దారాలు ఆ గీత వెంబడే పడుకుంటాయి, దాన్ని దాటి అటూ ఇటూ కలిపే దారం ఉండదు. ఈ లెక్క దాచి అమ్మడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

ఎవరో పాలీప్రొపిలీన్‌లోనూ ఇలాగే చేయొచ్చా అని అడుగుతారు కాబట్టి: నేరుగా కుదరదు, 280 దాటిన వేడికి అది పాడవుతుంది. అమెరికాలోని వర్జీనియా టెక్ యూనివర్సిటీలో బెయిర్డ్ అనే పరిశోధకుడి బృందం ఎల్‌సీపీని వేరే ఎక్స్‌ట్రూడర్‌లో కరిగించి, ద్రవంగా ఉండగానే దాని కరిగే ఉష్ణోగ్రత కంటే కిందికి చల్లార్చి, అప్పుడు పాలీప్రొపిలీన్‌తో కలిపింది. వచ్చిన తీగని సాగదీసి గింజలు కొట్టి, ఎల్‌సీపీ కరగని వేడిలో పార్టు పోస్తే దారాలు అలాగే ఉంటాయి.

మీ పార్టుకి మాత్రం ముందు మూడు కడ్డీలు పరీక్షకి ఇవ్వండి: పారిన దిక్కులో ఒకటి, అడ్డంగా ఒకటి, రెండు గేట్లతో పోసి నడుమ వెల్డ్ లైన్ పడేది ఒకటి. మూడోది మీ లోడ్‌కి ఆగకపోతే గేటు జరిపి ఆ గీతని లోడ్ పడని చోటికి తీసుకెళ్లండి. అచ్చు మార్చే వీల్లేదంటే 5 శాతం దగ్గరే ఆగిపోండి, దాన్ని పారుదల కోసమే వాడండి.