ఐరాస మిషన్‌కు వెళ్లిన మన సైనికాధికారి దగ్గర తుపాకీ ఉంటుందా?

మిలిటరీ అబ్జర్వర్‌గా వెళ్తే ఉండదు; వారి డ్యూటీ అంతా నిరాయుధంగానే. పోరాడటం కాదు, చూసింది చూసినట్టు రాయడం వారి పని. చేతిలో ఆయుధముంటే ఏదో ఒక పక్షం మనిషనుకుని జనం నోరు విప్పరు. దక్షిణ సూడాన్‌లో 2011 నుంచి నడుస్తున్న మిషన్‌నే తీసుకోండి. దుబాసీని వెంటబెట్టుకుని తెల్ల జీపులో ఊళ్లకు వెళ్తారు, పెద్దలతో మాట్లాడతారు, తిరిగొచ్చి రిపోర్టు రాస్తారు. వానాకాలంలో అక్కడి నల్లరేగడిలో జీపు దిగబడిందంటే ఆ రోజు గస్తీ అక్కడితో సరి!

అలాగని నీలం టోపీవాళ్లంతా, అంటే ఐరాస శాంతి సైనికులంతా, నిరాయుధులేననుకోవడం పొరపాటు. అదే మిషన్‌లోని భారత బెటాలియన్ సైనికుల దగ్గర ఆయుధాలుంటాయి. ఆత్మరక్షణకు, పౌరుల రక్షణకు వాడొచ్చు. యూనిఫాం కూడా ఐరాసది కాదు, మన సైన్యానిదే.