మైలోమా ఉన్నవారికి రిపోర్టులో సోడియం తప్పుగా తక్కువ రావచ్చా?

మైలోమా (ఎముక మజ్జలో వచ్చే ఒక రక్త క్యాన్సర్) ఉన్న నాన్నగారికి సోడియం 124 వచ్చిందని, మనిషి మాత్రం మామూలుగానే ఉన్నారని అడిగారు. అవును, ఆ అంకె నిజం కాకపోవచ్చు.

ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవ భాగంలో, దాదాపు 93 శాతం నీరే, సోడియం ఉండేది ఆ నీటిలోనే. మైలోమాలో ఎం-ప్రొటీన్ (క్యాన్సర్ కణాలు తయారుచేసే అసాధారణ ప్రొటీన్) బాగా పెరిగితే నీటి వాటా తగ్గుతుంది. పెద్ద ల్యాబ్ మెషీన్లు చాలావరకు శాంపిల్‌ను ముందే పలచన చేసి, నీరు ఎప్పటంతే ఉందనుకుని లెక్క కడతాయి. అంకె పడిపోయేది అక్కడే. బ్లడ్ గ్యాస్ మెషీన్ పలచన చేయకుండా నేరుగా కొలుస్తుంది. అందులో మళ్లీ చూడమని, టోటల్ ప్రొటీన్ కూడా చేయించమని డాక్టర్‌ని అడగండి. సోడియం నిజంగానే తగ్గి ఉండొచ్చు కూడా, కాబట్టి మీ అంతట మీరు కొట్టిపారేయొద్దు. అలాగని లేని లోటుకు గాఢమైన సెలైన్ ఎక్కిస్తే ప్రమాదం.

ఫాస్ఫరస్‌తోనూ ఇదే తంటా: రియేజెంట్‌లో (పరీక్ష కోసం కలిపే రసాయనంలో) ప్రొటీన్ విరిగి ద్రవం మసకబారితే ఎక్కువ చూపిస్తుంది.