బైనరీ సెర్చ్‌కి లిస్టు వరుసలోనే ఎందుకుండాలి?

బైనరీ సెర్చ్ అంటే ప్రతిసారీ మధ్య విలువను చూసి సగం లిస్టును వదిలేస్తూ వెతకడం. అలా మధ్యలో ఉన్న ఒక్క విలువను చూసి సగం లిస్టును వదిలేయాలంటే, మనకు కావాల్సింది ఆ సగంలో లేదని ఖాయంగా తెలియాలి. ఆ భరోసా వరుస (చిన్నది నుంచి పెద్దదానికి) వల్లే వస్తుంది.

3, 8, 12, 19, 25, 31, 40లో 31 వెతుకుదాం. మధ్యలో 19 ఉంది. 31 అంతకంటే పెద్దది కాబట్టి ఎడమవైపు ఇక చూడక్కర్లేదు. మిగిలిన 25, 31, 40లో మధ్యది 31. రెండు పోలికల్లో దొరికేసింది. మొదటి నుంచి ఒక్కొక్కటీ చూస్తే ఆరు పట్టేవి. పది లక్షల సంఖ్యలున్నా 20 పోలికలు మించవు. ఇది నాకు ఇప్పటికీ ముచ్చటగానే అనిపిస్తుంది.

కోడ్‌లో ఒక్క జాగ్రత్త: మధ్యది సరిపోలకపోతే హద్దును (ఇంకా వెతకాల్సిన భాగం మొదలును లేదా చివరను) దాని పక్క స్థానానికి జరపండి. మధ్య స్థానం దగ్గరే ఉంచితే లూప్ ఎప్పటికీ ఆగకపోవచ్చు.

ఒక్కసారి వెతకడం కోసమే అయితే సార్ట్ చేయడం (వరుసలో పెట్టడం) దండగ, లీనియర్ సెర్చే (మొదటి నుంచి ఒక్కొక్కటీ చూడటమే) మేలు.