దోరే చెక్కపలక

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వారం వారం పత్రికకు రాసేవి పొట్టకూటి రాతలనీ, నవలే అసలు రచన అనీ, దానికి తీరిక చిక్కడం లేదనీ రాశావు. ఆ మాట నన్ను కలతపెట్టింది. నీ వయసులో నేనూ రేడియోకి రాసిన నాటికల్ని అలాగే చిన్నచూపు చూశాను, ఒక్క ప్రతీ దాచుకోలేదు. ఇప్పుడు అవే కావాలనిపిస్తున్నాయి.

నీకు గుస్తావ్ దోరే అనే ఫ్రెంచి చిత్రకారుడి సంగతి చెప్తాను. 1832లో ఫ్రాన్స్‌లో అల్సాస్ ప్రాంతంలోని స్ట్రాస్‌బూర్గ్‌లో పుట్టాడు. పదిహేనేళ్లకే పారిస్‌లో ఒక హాస్యపత్రికకు బొమ్మలు వేసే పని కుదిరింది. ఇటాలియన్ కవి దాంతే కావ్యం 'ఇన్ఫెర్నో'కు వేసిన బొమ్మల్ని అచ్చు వేయడానికి ప్రచురణకర్త వెనకాడితే 1861లో సొంత డబ్బుతో అచ్చు వేయించాడు. తర్వాత 'డాన్ కిహోటె' నవలకు, బైబిల్‌కు బొమ్మలు వేశాడు. ఇంత చేసినా మనసంతా పెద్ద పెద్ద తైలవర్ణ చిత్రాల మీదే. లండన్‌లో ఆయన పేరుతో గ్యాలరీయే నడిచింది గానీ, పారిస్ విమర్శకులు పుస్తకాలకు బొమ్మలు వేసేవాడిగానే చూశారు. 1883లో, 51 ఏళ్లకు పోయేదాకా ఆ బాధ తీరలేదు.

కానీ ఆ బొమ్మల పని ఎలా చేశాడో చూడు. అచ్చు కోసం నున్నగా సాపు చేసిన బాక్స్‌వుడ్ అనే గట్టి చెక్క పలక మీద పలుచటి సిరాతో, తెల్లరంగుతో నేరుగా వేసేవాడు. ఎక్కువగా గీతలు కావు, వెలుగునీడలు. వాటిని వెంట్రుకంత సన్నని గీతలుగా చెక్కడం పిసాన్ లాంటి పనిమంతుల వంతు. ఉలి నడిచేకొద్దీ దోరే చేతి బొమ్మ పలక మీంచి పోయేది. పోతుందని తెలిసే, అంత శ్రద్ధగా వేసేవాడు!

లండన్ నగరం మీద 1872లో వచ్చిన, దోరే బొమ్మలు వేసిన పుస్తకంలో న్యూగేట్ జైలు ఆవరణ బొమ్మ ఉంది. ఎక్కడైనా దొరికితే తీరిగ్గా చూడు. చుట్టూ ఎత్తైన గోడలు, ఆకాశం జాడ లేదు. ఖైదీలు ఒకరి వెనక ఒకరు గుండ్రంగా తిరుగుతుంటారు. పక్కన పొడుగు టోపీల పెద్దమనుషులు నిలబడి ఉంటారు. 1890లో ఫ్రాన్స్‌లోని సెయింట్-రెమీ మానసిక ఆసుపత్రిలో ఉన్న డచ్చి చిత్రకారుడు వాన్ గో ఈ బొమ్మనే ఎదురుగా పెట్టుకుని రంగుల్లో మళ్లీ వేసుకున్నాడు. పుస్తకంలోని బొమ్మే అంత దూరం వెళ్లి ఆయన్ని చేరింది.

వచ్చేవారం వ్యాసం గుంటమగ్గాల మీద అన్నావు కదా. ఒక పూటంతా మగ్గం దగ్గర కూర్చో. గుంటలో నేత మనిషి కాళ్లు ఎలా ఆడుతున్నాయో చూడు, చూసింది రాయి. పత్రికకు పంపేముందు ఒక ప్రతి నాకు పంపు.